ఏ భాగం ఆగితే నీళ్లు ఆగుతాయి: విశ్వసనీయతలో కీలక భాగాలను పటంగా గీసే పద్ధతి

మా అపార్ట్‌మెంటు బెంగళూరులో మారతహళ్లి దాటాక, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఒక వీధిలో ఉంది. నేను మెయింటెనెన్సు కమిటీలో చేరిన ఏడాది, సంపు నుంచి పైట్యాంకుకు నీళ్లు ఎక్కించే రెండు మోటార్లలో పాతదాన్ని తీసేసి కొత్తది కొన్నాం. పంపుగది రిజిస్టరు తిరగేస్తే అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించిన ఫిర్యాదు ఆ మోటారు మీదే కాబట్టి ఆ నిర్ణయాన్ని ఎవరూ కాదనలేదు. మరుసటి ఏడాది మోటారు ఫిర్యాదులు నిజంగానే తగ్గాయి. కుళాయిల్లో నీళ్లు రాని రోజులు మాత్రం దాదాపు అలాగే ఉండిపోయాయి. ఒక మోటారు ఆగితే రెండోది నడుస్తుంది గనుక, ఆ ఫిర్యాదుల్లో చాలావాటి సంగతి ఇళ్లలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియలేదన్న విషయం డబ్బు ఖర్చయ్యాక గానీ మాకు తట్టలేదు.

ఒక భాగం ఎంత తరచుగా చెడుతుందన్నది ఒక ప్రశ్న, అది చెడితే మొత్తం వ్యవస్థ ఏమవుతుందన్నది మరొక ప్రశ్న. ఈ రెంటినీ కలిపి ఒకే వరుసలో పేర్చే జాబితా ఏదైనా ఒకదాన్ని చూపించి మరొకదాన్ని దాచిపెడుతుంది. రెండింటినీ ఒకే కాగితం మీద, రెండు అక్షాలుగా చూపించే పటాన్ని ఎలా గీయాలో ఇక్కడ వివరిస్తున్నాను. కాగితం, పెన్సిలు, ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్ ఉంటే చాలు. ఉదాహరణగా అపార్ట్‌మెంటు నీటి ఏర్పాటునే తీసుకున్నాను. ఆఫీసులో సర్వర్లకైనా, ఫ్యాక్టరీలో యంత్రాల వరుసకైనా పద్ధతి మారదు.

పనిచేయడం అంటే ఏమిటో ఒక వాక్యంలో రాసుకోవాలి

అంకెల జోలికి వెళ్లేముందు, వ్యవస్థ "పనిచేస్తోంది" అని ఎప్పుడు అంటామో ఒకే వాక్యంలో రాసుకోవాలి. మేము రాసుకున్నది ఇది: ఉదయం ఆరు గంటలకు పైట్యాంకులో సగానికి తక్కువ కాకుండా నీళ్లు ఉండాలి. ఇంత చిన్న వాక్యం కోసం మీటింగులో గంటసేపు వాదించుకోవలసి వచ్చింది గానీ ఆ గంట వృథా కాలేదు. ఎందుకంటే "అన్ని ఫ్లాట్లకూ పూర్తి ఒత్తిడితో నీళ్లు రావాలి" అని రాసుకుని ఉంటే రెండు మోటార్లూ ఒకేసారి నడవవలసి వచ్చేది, అప్పుడు పటమంతా వేరుగా ఉండేది.

ఆ తర్వాత హద్దు గీసుకోవాలి. కావేరి నీళ్లు నగరానికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్లి నుంచి, ఎన్నో పంపింగ్ స్టేషన్లు దాటుకుంటూ ఎత్తుకు ఎక్కి వస్తాయి. 2024 అక్టోబరులో ప్రారంభించిన కావేరి నీటి పథకం ఐదో దశ ఒక్కటే రోజుకు 775 మిలియన్ లీటర్లకు ఉద్దేశించినది. ఆ గొలుసంతా మన పటంలో గీయబోతే ఎప్పటికీ తెమలదు. మన డబ్బుతో, మన నిర్ణయంతో మార్చగలిగినవాటిని విడివిడి భాగాలుగా చూపించి, మన చేతిలో లేనిదాన్నంతా ఒకే గడిగా చూపించడం మంచిది. అందువల్ల మన పటంలో ఆ మొత్తం "కావేరి లైను" అనే ఒక్క గడి.

గడుల పటం

ఇప్పుడు భాగాలను గడులుగా గీసి, ఎడమ నుంచి కుడికి దారిగా కలపాలి. ఏదో ఒక దారిన ఎడమ చివర నుంచి కుడి చివరకు చేరగలిగితే వ్యవస్థ నడుస్తున్నట్టు. ఒకదానికి మరొకటి బదులు నిలవగలిగే భాగాలను ఒకదాని కింద ఒకటిగా, జతగా గీస్తాం. బదులు లేని భాగాన్ని దారికి అడ్డంగా ఒంటరిగా గీస్తాం.

కొత్తగా గీసేవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు. ఇది పైపుల పటం అనుకుని నీళ్లు పారే వరుసలో గీస్తారు. నీళ్లు కరెంటు తీగలో పారవు కాబట్టి కరెంటును వదిలేస్తారు. ఈ పటంలో గీతలు చూపించేది పైపులను కాదు, "ఇది లేకపోతే పని జరగదు" అన్న ఆధారపడటాన్ని. ఆ లెక్కన మా వ్యవస్థలో ఐదు ద్వారాలు, అంటే దారిలో తప్పక దాటవలసిన చోట్లు, వరుసగా నిలిచాయి. మొదటి ద్వారం కావేరి లైను, బోరు జత. రెండోది ఎక్కించే మోటార్ల జత. మూడోది మోటార్లను ఆన్, ఆఫ్ చేసే ప్యానెల్ బోర్డు, ఒంటరిగా. నాలుగోది ఛేంజోవర్ స్విచ్చి, అదీ ఒంటరిదే. మెయిన్ కరెంటు వచ్చినా జనరేటర్ కరెంటు వచ్చినా దాని గుండానే రావాలి. ఐదోది మెయిన్ కరెంటు, జనరేటర్ జత. బోరు మోటారుకు కూడా కరెంటు కావాలి గదా అనిపించవచ్చు. కావాలి, అయితే కరెంటు లేనప్పుడు ఎక్కించే మోటార్లే ఆగిపోయి వ్యవస్థ ఎలాగూ ఆగుతుంది కాబట్టి, దాన్ని రెండోసారి గీయనవసరం లేదు.

దీన్నే తలకిందులు చేసి, "నీళ్లు రాకపోవడం" అనే ఫలితాన్ని పైన పెట్టి, దానికి దారితీసే కారణాలను కొమ్మలుగా కిందికి దించుకుంటూ పోతే వైఫల్య వృక్షం అవుతుంది. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మినిట్‌మన్ క్షిపణి ప్రయోగ వ్యవస్థ కోసం ఆ పద్ధతి పుట్టింది. పెద్ద వ్యవస్థలకు అదే అనువు. ఎనిమిది పది భాగాలున్న వాటికి గడుల పటమే సులువు. పైగా పంపు ఆపరేటరుకు చూపించినా వెంటనే అర్థమవుతుంది, తప్పులు దిద్దేది కూడా అతనే. మా ఛేంజోవర్ స్విచ్చి ఒంటరిదన్న సంగతి చెప్పింది అతనే, ఇంజనీర్లమైన మేము కాదు.

రెండు అంకెలు: బలహీనత, పట్టు

ప్రతి భాగానికీ రెండు అంకెలు కావాలి. మొదటిది బలహీనత: ఏడాదిలో ఎంత వంతు కాలం ఆ భాగం పనిచేయకుండా ఉంటుందో ఆ భిన్నం. రిజిస్టరులో ఆగిన రోజులన్నీ కూడి 365తో భాగిస్తే అది వస్తుంది. ఎన్నిసార్లు చెడిందన్నది ఒక్కటే ఇక్కడ చాలదు, చెడిన ప్రతిసారీ ఎంతసేపు ఆగిందన్నది కూడా కావాలి. ఆగిన సమయం, మళ్లీ నడిచిన సమయం రాయని రిజిస్టరు ఈ పనికి అక్కరకు రాదు.

రెండోది ఆ భాగానికి వ్యవస్థ మీద ఉన్న పట్టు. గణితవేత్త బిర్న్‌బామ్ 1969లో ప్రతిపాదించిన ఈ కొలమానం చాలా సరళమైనది. ఆ భాగం ఎన్నడూ చెడదని అనుకుని వ్యవస్థ నడిచే సంభావ్యతను లెక్కకట్టాలి; తర్వాత అదే భాగం పూర్తిగా చచ్చిపోయిందని అనుకుని మళ్లీ లెక్కకట్టాలి; మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే పట్టు. షీట్‌లో ఒక్కో భాగం లభ్యతను (1 లోంచి బలహీనత తీసేస్తే వచ్చేది) ఒకసారి 1గా, ఒకసారి 0గా మార్చి చూస్తే సరిపోతుంది, కలన గణితం అవసరం లేదు.

వ్యవస్థ నడిచే సంభావ్యతకు సూత్రం ఇది. జతగా ఉన్న ద్వారం మూసుకుపోవాలంటే రెండు భాగాలూ ఒకేసారి చెడాలి కాబట్టి, రెండు బలహీనతలనూ గుణించి 1 లోంచి తీసేయాలి. ఆ తర్వాత ఐదు ద్వారాల అంకెలనూ ఒకదానితో ఒకటి గుణించాలి. ఒకే భాగం పటంలో రెండు చోట్ల తప్పనిసరిగా రావలసి వస్తే ఈ సూత్రం చెల్లదు. అప్పుడు ప్రతి భాగం నడిచే, నడవని స్థితులన్నిటినీ వరసలుగా రాసి, వ్యవస్థ నడిచే వరసల సంభావ్యతలను కూడాలి. ఎనిమిది భాగాలకు 256 వరసలు వస్తాయి. షీట్‌కు అదొక లెక్క కాదు.

కింది అంకెలు మా రిజిస్టరును ఆధారం చేసుకున్నా, లెక్క తేలిగ్గా కనబడటానికి గుండ్రం చేసి సర్దినవి. వీటిని ఉదాహరణగానే చూడాలి.

| భాగం | బలహీనత | పట్టు | భాగం ఎన్నడూ చెడకపోతే ఏడాదిలో మిగిలే (ఇబ్బంది తప్పే) రోజులు |
|---|---|---|---|
| కావేరి లైను | 0.20 | 0.097 | 7.1 |
| బోరు | 0.10 | 0.194 | 7.1 |
| ప్యానెల్ బోర్డు | 0.015 | 0.963 | 5.3 |
| మెయిన్ కరెంటు | 0.05 | 0.192 | 3.5 |
| జనరేటర్ | 0.20 | 0.048 | 3.5 |
| మోటారు ఒకటి | 0.05 | 0.095 | 1.7 |
| మోటారు రెండు | 0.10 | 0.048 | 1.7 |
| ఛేంజోవర్ స్విచ్చి | 0.002 | 0.951 | 0.7 |

వ్యవస్థ మొత్తం నడిచే సంభావ్యత 0.949. అంటే ఏడాదిలో సుమారు పద్దెనిమిదిన్నర రోజులు నీళ్లకు ఇబ్బంది. చివరి నిలువు వరసలోని అంకె బలహీనతను పట్టుతో గుణించి, 365తో హెచ్చవేస్తే వచ్చినది.

ఒకే వరుస కడ్డీల పటం ఎందుకు చాలదు

చాలామంది ఇక్కడ ఆగి, ఏదో ఒక నిలువు వరసను పెద్ద నుంచి చిన్నకు పేర్చి కడ్డీల పటం గీసేస్తారు. అలా చేస్తే ఏమవుతుందో పట్టికలోనే చూడవచ్చు. బలహీనత ప్రకారం పేరిస్తే జనరేటర్ కావేరి లైనుతో సమానంగా అగ్రస్థానంలో నిలుస్తుంది. మెయిన్ కరెంటు పోయినప్పుడు తప్ప దాని అవసరమే లేకపోయినా సరే. పట్టు ప్రకారం పేరిస్తే ఛేంజోవర్ స్విచ్చి, ప్యానెల్ బోర్డు దాదాపు సమానంగా పైకి వస్తాయి. స్విచ్చిని ఎంత మెరుగుపరచినా ఏడాదిలో ఒక్క రోజు కూడా మిగలదన్న విషయం మరుగునపడుతుంది. మిగిలే రోజుల ప్రకారం పేర్చడం వీటికన్నా మేలే. అయితే జతలోని రెండు భాగాలకూ ఎప్పుడూ ఒకే అంకె వస్తుంది కాబట్టి కావేరి లైనుకూ బోరుకూ తేడా తెలియదు. ఆ రెండూ చెడే తీరు వేరు, వాటికి చేయవలసిన చికిత్స కూడా వేరు.

రెండు అక్షాల చుక్కల పటం

అడ్డంగా బలహీనత, నిలువుగా పట్టు పెట్టి ప్రతి భాగాన్నీ ఒక చుక్కగా గుర్తించాలి. చుక్క నుంచి రెండు అక్షాలకూ గీతలు దించితే ఏర్పడే దీర్ఘచతురస్రం వైశాల్యమే ఆ భాగం వల్ల మనం పోగొట్టుకుంటున్నది. ఇంత చిన్న విషయమే ఈ పటానికి ప్రాణం: ఎత్తుగా సన్నగా ఉన్న దీర్ఘచతురస్రం, పొట్టిగా వెడల్పుగా ఉన్న దీర్ఘచతురస్రం ఒకే వైశాల్యంతో ఉండవచ్చు.

మామూలు కొలబద్ద వాడితే ప్యానెల్, స్విచ్చి చుక్కలు ఎడమ అంచుకు అతుక్కుపోయి విడివిడిగా కనబడవు. అందుకని రెండు అక్షాలనూ లాగరిథమిక్ కొలబద్దకు మార్చాలి. షీట్స్‌లో అక్షం సెట్టింగుల్లో ఒక టిక్కు పెడితే చాలు. అడ్డం 0.001 నుంచి 1 వరకు, నిలువు 0.01 నుంచి 1 వరకు పెట్టుకుంటే ఇలాంటి వ్యవస్థలు చాలావరకు ఇముడుతాయి. లాగరిథమ్ అనే మాట మీటింగులో ఎత్తవద్దు. "ప్రతి గడికీ పదింతలు" అంటే అందరికీ అందుతుంది.

లాగ్ కొలబద్ద వల్ల మరో లాభం ఉంది. సమాన వైశాల్యం ఉన్న చుక్కలన్నీ ఒకే ఏటవాలు సరళరేఖ మీద పడతాయి. ఏడాదికి 1 రోజు, 3 రోజులు, 10 రోజులు అని మూడు రేఖలు గీయండి. ఒక్కో రేఖకు రెండు కొసలు చాలు. 1 రోజు రేఖ ఒక కొసన బలహీనత 0.00274, పట్టు 1. రెండో కొసన బలహీనత 0.274, పట్టు 0.01. 3 రోజుల రేఖకు 0.0082, 1 ఒక కొస, 0.82, 0.01 రెండో కొస. 10 రోజుల రేఖకు 0.0274, 1 ఒక కొస, 1, 0.0274 రెండో కొస. ఈ కొసలను షీట్‌లో విడి శ్రేణులుగా చేర్చి, చుక్కలు తీసేసి గీత మాత్రం ఉంచాలి. గీతల పక్కన "ఏడాదికి 3 రోజులు" అని నేరుగా రాయాలి. మా ట్రెజరర్ గారు తొలిసారి ఈ పటం చూసి, "ఈ చుక్కలన్నీ ఎందుకండీ, ఏది కొనాలో చెప్పండి చాలు" అన్నారు. రోజుల గీతలు గీశాక ఆయనే పెన్ను తీసుకుని ఏ చుక్క ఏ గీత దాటిందో చూసుకోవడం మొదలుపెట్టారు.

ఇక చదవడం. పైన ఎడమ మూలన ఉన్నది ఛేంజోవర్ స్విచ్చి: అరుదుగా చెడుతుంది, చెడితే అంతా ఆగుతుంది. ఇలాంటిదాన్ని మార్చనక్కరలేదు, దానికి విడిభాగం దగ్గర ఉంచుకోవాలి, తెలియనివాళ్లను దాని మీద చేయి వేయనివ్వకూడదు. కింద కుడి మూలన ఉన్నవి జనరేటర్, కావేరి లైను: తరచుగా ఆగుతాయి, ఒంటరిగా ఆగినప్పుడు పెద్దగా నష్టం లేదు, కానీ తమ జంట ఆగిన రోజున కొంప ముంచుతాయి. జతలోని రెండు చుక్కలూ ఎప్పుడూ ఒకే ఏటవాలు గీత మీద, ఒకటి పైకీ ఒకటి కిందికీ జరిగి ఉండటం పటంలో స్పష్టంగా కనబడుతుంది. నేను ఆ రెండింటినీ సన్నని చుక్కల గీతతో కలుపుతాను. చుక్క పైన, ఎడమ వైపు ఉన్న భాగం జతలో బరువు మోసేది. కుడి వైపు కింద ఉన్నది దానికి ఆసరా.

ప్యానెల్ బోర్డు 3 రోజుల గీత దాటి, దాదాపు పటం పై అంచున నిలబడింది. ఒంటరి భాగాల్లో మేము ఎక్కువగా పోగొట్టుకుంటున్నది అక్కడే. దాని బలహీనత 0.015 అంటే ఏడాదిలో అయిదున్నర రోజులు. రిజిస్టరు ప్రకారం రెండుసార్లు చెడింది, ఒక్కోసారి కాంటాక్టరో (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి) ఓవర్‌లోడ్ రిలేనో (భారం ఎక్కువైతే మోటారును ఆపేది) తెప్పించడానికి రెండున్నర, మూడు రోజులు పట్టింది. ఆ రెండు విడిభాగాలూ గదిలోనే ఉంచుకుంటే పూటలో పని అయిపోతుంది, బలహీనత 0.0027కు దిగుతుంది, నాలుగు రోజులకు పైగా నీళ్లు మిగులుతాయి. మోటారు రెండు స్థానంలో కొత్తది బిగించి దాని బలహీనతను 0.10 నుంచి 0.03కు తగ్గించామనుకున్నా, మిగిలేది 1.2 రోజులే. కొత్త మోటారుకు మేము పెట్టిన డబ్బుతో ఎన్ని కాంటాక్టర్లు వచ్చి ఉండేవో ఇక్కడ రాయదలచుకోలేదు.

ఇదే పనికి మరో కొలమానం కూడా వాడుకలో ఉంది: ఒక భాగం చెడిపోయిందనుకుంటే మొత్తం వ్యవస్థ వైఫల్యం ఇప్పుడున్నదానికి ఎన్ని రెట్లవుతుందన్న నిష్పత్తి. అమెరికా అణువిద్యుత్ రంగంలో ఇది 2 దాటిన భాగాన్ని కీలకమైనదిగా పరిగణించే ఆనవాయితీ ఉంది. మన ఉదాహరణలో ప్యానెల్‌కు, స్విచ్చికి ఇది సుమారు 19.6, మెయిన్ కరెంటుకు 4.6, బోరుకు 4.4; జనరేటర్, మోటారు రెండు తప్ప అన్నీ 2 దాటుతాయి. అణుకేంద్రాల్లో మూల వైఫల్యం అత్యల్పం కాబట్టి అక్కడ ఆ హద్దు వడపోతగా పనికివస్తుంది. ఏడాదిలో పద్దెనిమిది రోజులు ఆగే మన వ్యవస్థకు ఆ హద్దును అరువు తెచ్చుకోవడం అనవసరం.

ఒకటి బాగుచేస్తే మిగతావి కదులుతాయి

పటం ఒక్కసారి గీసి గోడకు తగిలించేది కాదు. బోరు బలహీనతను 0.10 నుంచి 0.02కు తగ్గించామనుకోండి: అయిదున్నర రోజులకు పైగా మిగులుతాయి. ఆ వెంటనే, కావేరి లైను తీరు ఏమీ మారకపోయినా, దాని పట్టు 0.097 నుంచి 0.019కు పడిపోతుంది. బోరు మీద నమ్మకం పెరిగిన కొద్దీ కావేరి లైను మీద ఆధారపడటం తగ్గుతుంది కాబట్టి ఇది సహజమే. రెండు పనులకూ పాత పటం చూసి ఒకేసారి డబ్బు కేటాయిస్తే రెండో పనికి పెట్టిన డబ్బు చాలావరకు వృథా. అందువల్ల ఒక పని తర్వాత పటాన్ని మళ్లీ లెక్కకట్టి గీయాలి. పాత చుక్కలను లేత బూడిద రంగులో అలాగే ఉంచి, కొత్త చోటికి బాణం గీస్తే కదలిక కనబడుతుంది.

ఏడాది సగటు చేసే మోసం

బోరుకు 0.10 బలహీనత అని రాసుకున్నాం. నిజానికి తొమ్మిది నెలలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచి, వేసవి మూడు నెలల్లో 0.40 బలహీనతతో ఉన్న బోరుకు కూడా ఏడాది సగటు 0.10 వస్తుంది. కావేరి సరఫరా కూడా అదే మూడు నెలల్లో సగానికి పడిపోయి, మిగతా కాలమంతా 0.10 బలహీనతతో ఉంటే దాని సగటు సరిగ్గా 0.20. సగటులు రెండూ మన పట్టికలోవే. కానీ వేసవిలో రెండూ ఒకేసారి ఆగే సంభావ్యత 0.5 × 0.4, అంటే 0.20, నీటి మూలాల వల్ల పోయే రోజులు పట్టిక చెప్పిన ఏడు కాదు, పద్దెనిమిదికి దగ్గర, అవీ పూర్తిగా వేసవిలోనే. 2024 వేసవిలో బెంగళూరు అనుభవించింది ఇదే. నగరంలోని 14,000 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ఆ మార్చిలో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చెప్పారు. బోర్లు ఎండిన రోజుల్లోనే కావేరి మీద ఒత్తిడి పెరుగుతుంది. రెండూ ఒకదానికొకటి ఆసరా అన్న మన పటంలోని జత ఆ రోజుల్లో సగం అబద్ధం.

దీనికి మందు పటాన్ని కాలాలవారీగా విడదీయడం. వేసవికి ఒకటి, మిగతా నెలలకు ఒకటి, ఒకే కొలబద్దతో పక్కపక్కన గీయాలి. కొలబద్ద మారితే పోలిక చెడుతుంది. ఏడాదిలో ఒక్కో పటానికి ఎన్ని రోజులు వర్తిస్తాయో చూసుకుని, రోజుల గీతలను ఆ సంఖ్యతోనే లెక్కకట్టాలి. వేసవి పటంలో కావేరి, బోరు చుక్కలు రెండూ కుడి పై మూలకు ఎగబాకడం చూశాక, వానకాలపు నీటిని సంపుకు మళ్లించే పనిని వాయిదా వేద్దామని మా మీటింగులో ఎవరూ అనలేదు.

జతలోని రెండింటినీ ఒకే దెబ్బ తీసేవి

మోటార్ల జతకు ఏడాదికి 1.7 రోజులే నష్టమని పట్టిక చెబుతోంది. రెండు మోటార్లూ ఒకే సెల్లారులో, ఒకే గదిలో, ఒకే ఎత్తున ఉన్నాయన్న సంగతి ఆ లెక్కకు తెలియదు. 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు వెంట, బెళ్లందూరు చుట్టుపక్కల సెల్లార్లు ఎలా మునిగాయో చూసినవాళ్లకు ఇది చెప్పనవసరం లేదు. అందుకని "పంపుగది పొడిగా ఉండటం" అనే కొత్త గడిని దారికి అడ్డంగా, ఒంటరిగా చేర్చాలి. ఏడాదికి ఒక్క రోజు మునుగుతుందనుకుని బలహీనత 0.003 పెట్టినా, దాని పట్టు 0.949, నష్టం ఒక రోజు. ఛేంజోవర్ స్విచ్చికన్నా ఎక్కువ. రిజిస్టరులో ఎక్కడా రాయని ఈ గడే పటంలో నాలుగైదు ఫిర్యాదుల భాగాల కంటే పైన నిలుస్తుంది. ప్రతి జతనూ చూసి, "ఈ రెండింటినీ ఒకేసారి ఆపగలిగేది ఏముంది?" అని అడగడం మానకూడదు: ఒకే గది, ఒకే కేబులు, ఒకే మెకానిక్కు, ఒకే రోజు కొన్న ఒకే బ్యాచ్ సరుకు.

అంకె ఎంత గట్టిదో కూడా చూపించాలి

ప్యానెల్ రెండుసార్లు చెడింది అన్నాం. ఏడాదిలో రెండే ఘటనలు నమోదైనప్పుడు, గణాంకశాస్త్రం వాడే 95 శాతం నమ్మక హద్దుల ప్రకారం అసలు సగటు ఏడాదికి 0.24 సార్ల నుంచి 7.2 సార్ల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. అంటే ఆ చుక్క ఎడమకు ఎనిమిదో వంతు దాకా, కుడికి మూడున్నర రెట్లకు పైగా కదలవచ్చు. చుక్కకు రెండు వైపులా అడ్డంగా మీసాలు గీసి ఈ వ్యత్యాసాన్ని చూపించాలి. మీసం మొత్తం 1 రోజు గీతకు కిందే ఉంటే ఆ భాగాన్ని వదిలేయవచ్చు. మొత్తం 3 రోజుల గీతకు పైన ఉంటే డబ్బు పెట్టవచ్చు. గీతలను అడ్డంగా కోస్తూ పోతే ముందు చేయవలసింది రిజిస్టరు సరిగా రాయించడం. ప్యానెల్ మీసం మూడు గీతలనూ కోసింది. విడిభాగాలకయ్యేది చిన్న ఖర్చు కాబట్టి మేము ఆగకుండా కొనేశాం. అదే పెద్ద ఖర్చయి ఉంటే ఇంకో ఏడాది రిజిస్టరు చూసేవాళ్లం.

ఒకటి రెండు సంవత్సరాల రిజిస్టరే ఉంటే, పక్క అపార్ట్‌మెంట్లలో అదే రకం ప్యానెల్ ఉన్నవాళ్ల అనుభవం కూడా కలుపుకోవచ్చు. ఐదు అపార్ట్‌మెంట్లలో కలిపి పది ఘటనలు దొరికితే మీసం బాగా కురచ అవుతుంది.

గీసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు

చుక్క పేరును చుక్క పక్కనే రాయాలి. పక్కన రంగుల సూచిక పెట్టి చదివేవాడి కళ్లను అటూ ఇటూ పరుగెత్తించకూడదు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియనివాళ్లు ప్రతి మీటింగులో ఒకరైనా ఉండవచ్చు కాబట్టి, ఒంటరి భాగాలకు చతురస్రం, జతలోవాటికి వృత్తం, ఉమ్మడి కారణాలకు త్రిభుజం వాడితే రంగుతో పనిలేదు. చుక్క పరిమాణాన్ని ఖర్చుకు వాడుకోవచ్చు: బాగుచేయడానికి ఎక్కువ డబ్బు పట్టే భాగానికి పెద్ద చుక్క. అప్పుడు పైన కుడి వైపున్న చిన్న చుక్కలు ముందుగా కంటపడతాయి. పరిమాణం, రంగు, ఆకారం, మీసాలు అన్నీ ఒకే పటంలో కుక్కితే ఎవరూ చదవలేరు. మీసాల పటం, ఖర్చు పటం విడిగా గీయడమే మేలు.

పటం కింద ఒక మూల మూడు విషయాలు రాయాలి: గీసిన తేదీ, రిజిస్టరులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తీసుకున్నదీ, మొదట రాసుకున్న ఆ ఒక్క వాక్యం. మా పంపుగది తలుపు లోపలి వైపు ఇప్పుడు ఆ కాగితం అతికించి ఉంది. ఆపరేటరు ఏదైనా ఆగిన రోజున తేదీ, సమయం రిజిస్టరులో రాశాక, పటంలో ఆ చుక్క పక్కన పెన్సిలుతో ఒక చిన్న గీత పెడతాడు. ఒక చుక్క పక్కన గీతలు మూడు దాటితే, నెలాఖరు దాకా ఆగకుండా ఆ వారమే షీట్ తెరిచి మళ్లీ లెక్కకడుతున్నాం.